కునుకు తీసే ప్రోగ్రాము

కంప్యూటర్ల సంగతి నాకు తెలిసినంతగా మా వీధిలో ఇంకెవరికీ తెలియదు. మా మనవరాలికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందంటే సగం నా చలవే.

ఆ ఆఫీసులో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే, మాట నోట్లోంచి బయటకొచ్చేలోపే గడ్డకట్టి కిందపడుతుంది. ఏరుకుని వినాలి.

చేరిన రోజే ఆమెకు ఒక పని అప్పగించారు. ఆసుపత్రుల్లో రోగులకు టోకెన్లిచ్చే ప్రోగ్రాము ఒకటుంది. బాగా పాతబడింది. దాన్ని తీసేసి కొత్తది రాయాలి.

"శుక్రవారానికి అయిపోవాలి," అంది టీమ్ లీడ్. "కొత్తగా వచ్చినవాళ్లు రాసింది ఆ వారమే జనంలోకి వెళ్లాలి. అది మన దగ్గర ఆనవాయితీ. బటన్ నువ్వే నొక్కుతావు, మేమంతా చుట్టూ నిలబడి చూస్తాం."

"అవ్వకపోతే మేడమ్?"

"ఇంకొకరు రాస్తారు. నువ్వు చుట్టూ నిలబడి చూస్తావు."

మనవరాలికి కాళ్లు నేలమీద ఆనలేదు.

పక్క సీట్లో ఒక కళ్లజోడాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన జుట్టు, మెడలో విజిటర్ కార్డు. ముందు కంప్యూటర్ కూడా లేదు. ఈ వయసులో పని నేర్చుకోవడానికి వచ్చాడు కాబోలనుకుంది.

"అంకుల్, మీరూ ట్రైనింగేనా?"

"ఊరికే చూసిపోదామని వచ్చానమ్మా. నీ పక్కన ఉంటే ఇబ్బందా?"

"ఉండండి, ఉండండి. నాకూ కాస్త ధైర్యంగా ఉంటుంది."

మర్నాడు పాత ప్రోగ్రాము తెరిచి చదువుతూ ఫక్కున నవ్వింది.

"అంకుల్, ఈ చోద్యం చూశారా! ఒక టోకెన్‌కీ ఇంకో టోకెన్‌కీ మధ్య ఇది కాసేపు ఆగిపోతోంది. పనేమీ లేదు, ఊరికే ఆగమని రాశారు. రాసినాయన కునుకు తీస్తూ రాశాడేమో!"

కళ్లజోడాయన ఆమెకంటే గట్టిగా నవ్వాడు.

"గురక కూడా పెట్టి ఉంటాడు. పీకి పారెయ్."

పీకేసి, ఆ లైను లేకుండానే కొత్తది రాసింది. ప్రోగ్రాము రెక్కలొచ్చినట్టు పరుగెత్తింది. మనవరాలు కుర్చీలోనే గంతేసింది.

"ఆగు తల్లీ. నీ కంప్యూటర్‌లో నువ్వు, నీ ఫోన్‌లో నేను, ఇద్దరం ఒకేసారి టోకెన్ అడుగుదాం."

అడిగారు. ఇద్దరికీ ఒకే నంబరు వచ్చింది.

"అయ్యో! ఒకే నంబరుతో ఇద్దరు రోగులు డాక్టరు గది ముందు కొట్టుకుంటారు అంకుల్!"

"డాక్టరు కూడా బయటికొచ్చి తలా ఒకటి వేస్తాడు."

ఆ కునుకు ఎందుకో ఆమెకప్పుడు అర్థమైంది. ఒకరికిచ్చిన నంబరు రాసుకోవడం పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపడానికి.

"అయితే ఆ లైను మళ్లీ పెట్టేస్తాను. టైము లేదు. శుక్రవారం దాటితే నా పని ఇంకొకరికి పోతుంది."

"పెట్టకు. అది వాడికి తట్టిన ఉపాయం. నీకేం తడుతోంది?"

ఇక్కడ, నేనే ఫోన్‌లో దారి చూపించానని రాద్దామనుకున్నాను. రాసినా ఎవరూ నమ్మరు. నా చలవ అన్నానే, అది మనవరాలు చదువుకునేటప్పుడు టీవీ కట్టెయ్యడం వరకే. అదీ కరెంటు పోయినప్పుడు. కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో నాకీ రోజుకీ తెలియదు.

దారి ఆమే వెతుక్కుంది. రాసింది, చెరిపింది, గోళ్లు కొరుక్కుంది, మళ్లీ రాసింది. కళ్లజోడాయన కాఫీ తెచ్చిపెట్టడం తప్ప ఒక్క అక్షరం చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం ఒక్కసారిగా లేచి నిలబడింది.

"అంకుల్! లెక్కపెట్టి ఆపడం ఎందుకు? ఒకరు లోపలికి రాగానే గడియ పెట్టేద్దాం. పని అవగానే తీసేద్దాం. ఎంతసేపు పడితే అంతసేపే!"

మళ్లీ ఇద్దరూ ఒకేసారి అడిగారు. వేర్వేరు నంబర్లు వచ్చాయి, రెప్పపాటులో.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"వాడికి ఇది తట్టనే లేదు," అన్నాడు. పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయిందా ముఖం.

శుక్రవారం అందరూ చుట్టూ చేరారు. మనవరాలు బటన్ నొక్కింది. ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఎవరో టోకెన్ తీసుకున్నారు. నంబరు తెరమీద మెరిసింది.

ఈలలు, చప్పట్లు! అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కళ్లజోడాయనే. అందరితో చేతులు కలిపి ఆమె ఇటు తిరిగేసరికి సీటు ఖాళీ.

"అంకుల్ ఏరి మేడమ్?"

"ఇప్పుడే బయల్దేరారు. ఆయనెవరో తెలుసా? నువ్వు తీసేసిన ప్రోగ్రాము రాసినాయన. ఈ కంపెనీ మొదలైంది దాంతోనే. తీసేస్తున్నామంటే, దగ్గరుండి చూసుకుంటానని వచ్చారు."

మనవరాలి ముఖం పాలిపోయింది.

"ఆయన ముందే ఆయన్ని వెక్కిరించాను మేడమ్! ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా!"

"చెప్పొద్దన్నారు. చెబితే మొహమాటపడి నాలుగు లైన్లు ఉంచేస్తుంది, ఒక్కటి కూడా మిగలకూడదు అన్నారు."

లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లమీద పరుగెత్తింది. గేటు దగ్గర ఆయన కారు ఎక్కబోతున్నాడు.

"అంకుల్, క్షమించండి!"

"దేనికి తల్లీ? నా రాతను అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఇన్నేళ్లలో ఇంకెవరున్నారు?" అని ఆమె తలమీద చెయ్యి పెట్టాడు.

మనవరాలు చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏసీ సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. మెట్లమీద పరుగెత్తిన మాట నిజం, గేటు దాకా వెళ్లిన మాటా నిజం. ఆమె వెళ్లేసరికి ఆయన ఇంకా అక్కడ ఉన్నాడన్నది మాత్రం నా కల్పన.