ఒప్పుకోలు పత్రం

“తప్పు ఒప్పుకుంటే అయిదు నిమిషాల పనమ్మా,” అన్నారు పాస్టరు వరదరాజులుగారు, మూడోసారి.

మద్రాసు తొండియార్‌పేట తెలుగు సంఘంలో ఆదివారం ఆరాధన ముగిసి గంట దాటింది. చర్చి వెనుక గదిలో పాస్టరుగారు, కార్యదర్శి దేవసహాయంగారు, మరో ఇద్దరు పెద్దలు కుర్చీలలో కూర్చున్నారు. హార్బరు గుమాస్తా దొరస్వామికి కూడా కుర్చీ వేశారు. అతని భార్య కృపామణి మాత్రం నిలబడి ఉంది. ఆమె కుడిచేతికి పిండికట్టు ఉంది. అయిదు వారాలుగా ఆమె అక్కగారింట్లో ఉంటోంది. భర్త ఇంటికి తిరిగి వెళ్లనంటోంది. ఆమె వెళ్లాలా, అక్కరలేదా అన్నదే ఆనాటి విచారణ. ఆ చేయి ఎలా విరిగిందన్నది విచారణలో లేదు.

“నేను చేసిన తప్పేందో చెప్పండయ్యా.”

“ఇల్లు విడిచిపెట్టినావు. పురుషుడు స్త్రీకి శిరస్సు. శిరస్సును వదిలేసి మొండెం ఊరంతా తిరగతాదా?”

“ఆ శిరస్సే నా చేయి విరగ్గొట్టింది గదయ్యా.”

“చూసినారా!” అన్నాడు దొరస్వామి, పెద్దలవైపు తిరిగి. “ఇంట్లో కూడా ఇదే నోరు. నేనెంత ఓర్చుకున్నానో ఆ దేవునికే తెలుసు.”

పెద్దలు జాలిగా తలలూపారు. ఓర్చుకున్నవాడి చేతులు రెండూ బాగానే ఉన్నాయి.

కృపామణి విసుగ్గా కళ్లు మూసుకుని తెరిచింది. ఆమె ఒక ప్రశ్న అడిగితే వాళ్లు ఒక వాక్యం చదువుతారు. ఆ వాక్యానికి వ్యాఖ్యానం చెబుతారు. వ్యాఖ్యానం చివర ఆమె తప్పే తేలుతుంది. ఇది నాలుగో ఆదివారం.

“సరి. ఒప్పుకుంటాను,” అంది. “అయితే దాచిన పాపానికి క్షమాపణ లేదంటారు గదా మీరు. అన్నీ వివరంగా రాయండి. నేను చేసిన తప్పు, దానికి ఆయన చేసిన దిద్దుబాటు, రెండూ. ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే అది సగం ఒప్పుకోలే.”

పాస్టరుగారి ముఖం వికసించింది. దేవసహాయంగారు ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన రాసిన పేజీలో ఒక్క కొట్టివేత ఉండదు. ఆయన కలం మూత తీసి, పై అంచున “1952 మే 11” అని వేసి, తలెత్తారు.

“మొదటిది?”

“ఫిబ్రవరి ఏడు. ఆయన ప్రార్థన కూటం నుంచి వచ్చేసరికి అన్నం ఉడకలేదు. బెల్టుతో రెండు దెబ్బలు కొట్టినాడు.”

“మూడు,” అన్నాడు దొరస్వామి. “దేవుని మందిరంలో అబద్ధం దేనికి? మూడు.”

“బెల్టుతో మూడు,” అని రాశారు దేవసహాయంగారు. “తరువాత?”

“మార్చి ఇరవై. చెప్పకుండా మా అక్కను చూడను పోయినాను. రెండు రోజులు వంటింటికి తాళం వేసినాడు.”

“ఒకటిన్నర రోజే! అదిన్నీ నా సొంత తెలివి కాదు. ఉపవాసముంటే ఆడదానికి అణకువ వస్తాదని పాస్టరయ్యగారే చెప్పినారు.”

“అవును, చెప్పినాను,” అన్నారు పాస్టరుగారు. తమ వంతు సేవ మరుగున పడిపోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. “‘సంఘకాపరి సలహా మేరకు’ అని చేర్చండి.”

దేవసహాయంగారు చేర్చారు.

“ఏప్రిల్ నాలుగు,” అంది కృపామణి. “ఎదురు మాట్లాడినాను.”

“దానికి?”

ఆమె కట్టు ఉన్న చేతిని కొంచెం ఎత్తింది.

“రోకలి,” అన్నాడు దొరస్వామి. “విరగాలని కొట్టలేదయ్యా, దిద్దాలనే కొట్టినాను. అది కూడా రాయండి.”

“రాయాల, రాయాల,” అన్నారు పాస్టరుగారు. “ఉద్దేశం ముఖ్యం.”

చివర “కావున పై తప్పులకు పశ్చాత్తాపపడి భర్త ఇంటికి మరలుచున్నాను” అన్న వాక్యం పెట్టి, దేవసహాయంగారు పత్రాన్ని బిగ్గరగా చదివారు. దిద్దవలసిన అక్షరం ఎవరికీ కనిపించలేదు. కలాన్ని కృపామణి ముందు ఉంచారు.

“ఈ చేత్తో ఎట్లా పెట్టేదయ్యా సంతకం?”

పాస్టరుగారు నవ్వారు.

“నీ సంతకం ఏం కావాల? శిరస్సు ఈడనే కూర్చోనున్నాడు. భార్య తరఫున భర్త పెడితే చాలు.”

దొరస్వామి కుర్చీ ముందుకు లాక్కుని, ఆఫీసులో పెట్టినట్టే పూర్తి పేరు రాసి, కింద గీత గీశాడు. సాక్షుల చోట పాస్టరుగారూ, దేవసహాయంగారూ, మిగిలిన ఇద్దరు పెద్దలూ పెట్టారు. సంఘం ముద్ర పడింది.

“నాకొక ప్రతి ఇప్పించండయ్యా, ముద్రతో.”

ఆ కోరికను మించిన పశ్చాత్తాపం ఉండదని దేవసహాయంగారికి తోచింది. మరొక కాగితం తీసి, మళ్లీ ఒక్క కొట్టివేత లేకుండా అంతా రాశారు. అందరూ మళ్లీ సంతకాలు చేశారు.

“మంచిదమ్మా, ఇప్పటికి బుద్ధి వచ్చింది,” అన్నారు పాస్టరుగారు. “దొరస్వామీ, రిక్షా పిలువు. మీ ఇద్దరూ ఇంటికి పోండి.”

కృపామణి తన ప్రతిని ఎడమచేత్తో జాగ్రత్తగా మడుచుకుంది.

“నేను ఇంటికి కాదయ్యా, వకీలుగారి దగ్గరికి పోతున్నాను,” అంది. “కొట్టినాడని చెప్పే సాక్షి ఒక్కడన్నా దొరికితే కోర్టు నన్ను విడిగా బతకనిస్తాదన్నాడు ఆయన, మీరు నలుగురు దొరికినారు.”