గిజిగాడి ముడులు

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఒక గిజిగాడు గూడు అల్లుకున్నాడు. పెళ్లాం అందులో మూడు గుడ్లు పెట్టింది. ఆనాటి నుంచి అతనికి కుదురు లేదు. గూడు కాస్త ఊగితే చాలు, గుండె గుభేలుమనేది. చివరికి గడ్డిపోచలు తెచ్చి, గూటి అడుగును పక్కకొమ్మకు బిగించి కట్టేశాడు.

"గూడన్నాక ఊగుతుందయ్యా" అంది పెళ్లాం.

"మనది ఊగదు" అన్నాడు, ఇంకో ముడి వేస్తూ.

సాయంత్రం ఈదురుగాలి లేచింది. చుట్టుపక్కల గూళ్లన్నీ గాలి ఎటు వీస్తే అటు ఊగాయి. గిజిగాడి గూడు మాత్రం పక్కకొమ్మ లాగిన వైపుకి ఒరిగిపోయింది. గుడ్లు గుమ్మం వైపు దొర్లాయి. పెళ్లాం రెక్కలు అడ్డం పెట్టింది.

గిజిగాడు ఇంకో గడ్డిపోచ కోసం ఎగరబోయాడు.

"కట్టింది చాలు. ముందు ఆ ముడులు కొరికెయ్" అందామె.

ఒక్కో ముడీ కొరికాడు. చివరిది తెగుతుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గూడు ఒక్క ఊపు ఊగి, తిన్నగా వేలాడింది. గుడ్లు మెల్లగా వెనక్కి దొర్లి తమ గుంటలో సర్దుకున్నాయి.

"ఇక లోపలికి రా" అంది పెళ్లాం.

గాలి ఇంకా తగ్గలేదు. ఆ ఊగే గూట్లోనే, గుడ్లు పెట్టిన నాటి నుంచి మొదటిసారిగా, గిజిగాడికి నిద్ర పట్టింది.