ఫెబి కనుబొమలు

...అసలు అబద్ధం అతను ఆడింది కాదు. అతనికి సంగీతం వచ్చని వాళ్ళు అనుకున్నారు, అతను కాదనలేదు, అంతే. కాదనకపోవడం కూడా అబద్ధమేనా అని జడ్సన్ తర్కించుకుంటూ ఉండగానే, ఎదురుగా ఆస్టిన్ నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అంటూ ఒక స్వరం పట్టాడు. అది సరైనదో కాదో జడ్సన్‌కి తెలియదు. అలవాటుగా ఫెబి వైపు చూశాడు. తొమ్మిదేళ్ళ ఫెబి కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"మళ్ళీ విను ఆస్టిన్. తొందరేం లేదు," అన్నాడు గంభీరంగా.

రెండోసారికి కనుబొమలు విడిపోయాయి.

"శభాష్!"

"అంకుల్, మరి లిరిక్స్ ఎప్పుడు? వరల్డ్ కప్ అయిపోయాకా?" అన్నాడు ఆస్టిన్.

పిల్లలు పకపకా నవ్వారు.

గల్ఫ్‌లోని ముఐథర్ ఊళ్ళో సౌభాగ్యమ్మగారి హాల్లో ప్రతి శుక్రవారం జరిగేది ఇదే. గోదావరి పక్క ఏదో చర్చిలో పాటల బృందాన్ని నడిపిన పెద్దమనిషి కొడుకు ఇక్కడే దుఖాన్ చమురు బావుల దగ్గర ఉద్యోగం చేస్తున్నాడని తెలియగానే ఆవిడ చుట్టుపక్కల తెలుగు పిల్లల్ని తెచ్చి అతనికి అప్పజెప్పేసింది. ఆ పెద్దమనిషే ఏడేళ్ళ జడ్సన్‌ని వరుసలోంచి పక్కకు లాగి, "నీ చెవులు కళ్ళజోడు తగిలించుకోడానికే పనికొస్తాయిరా," అన్న సంగతి ఆవిడకి తెలియదు. ఆ తర్వాత జడ్సన్ స్నానాల గదిలో కూడా పాడలేదు.

వెతికి వెతికి ఒక పద్ధతి పట్టుకున్నాడు. ముందు వినడం. విన్నాక నోరు మూసుకుని కూనిరాగం. తర్వాత ఇంటి స్వరం, అంటే పాట ఎక్కడెక్కడ తిరిగొచ్చినా చివరికి కూర్చునే చోటు. అది పట్టుబడ్డాకే మాటలు. పసివాళ్ళు భాష నేర్చే వరుస కూడా అదే కదా. వినిపించే పని ఫోను చేస్తుంది, పాడే పని పిల్లలు చేస్తారు. తప్పొప్పులు చూసే పని ఒక్కటీ మిగిలితే దాన్ని ఫెబి కనుబొమలకు అప్పగించాడు. అవి ఇంతవరకూ పొరబడలేదు. వారం వారం పిల్లల గొంతులు కుదురుకుంటున్నాయని విన్నవాళ్ళంతా అంటున్నారు.

చిక్కల్లా ఆ పిల్ల చూపుతోనే. అతని మీంచి కళ్ళు తిప్పదు, దొంగ మీద నిఘా వేసిన పోలీసులా. ఆ చూపు వల్లే కాబోలు, పిల్లలు గొంతెత్తినప్పుడు అప్పుడప్పుడూ అతని దవడ జివ్వుమని బిగుసుకుంటుంది. భయం ఒంట్లో ఎక్కడో ఒకచోట కాపురం పెడుతుంది, తనకి దవడలో పెట్టింది అనుకుని సరిపెట్టుకున్నాడు.

"జడ్సన్ బాబూ! ముఖ్తార్ గారు గేటు దగ్గరికి వచ్చేశారు!" సౌభాగ్యమ్మ పరుగున వచ్చింది. "ఇవాళైనా వీళ్ళని నోరు తెరవనియ్యి నాయనా. ఇంట్లో మూలుగుతుంటే జ్వరమేమోనని వాళ్ళమ్మలు బెదిరిపోతున్నారు!"

వరల్డ్ కప్ వేదిక మీద ఏ పిల్లలు పాడాలో ఎంచేది ముఖ్తారే. పిల్లల తల్లులు అప్పుడే మెరూన్ గౌన్లు కుట్టించేశారు. ఇక్కడ దొరికిపోతే గౌన్లూ పోతాయి, శుక్రవారాలూ పోతాయి. వారంలో జడ్సన్ బతికి ఉండేది ఆ ఒక్క రోజే.

నిజామాబాద్ ముఖ్తార్ కుర్చీలో కూడా కూర్చోలేదు. "పిల్లలు యాడనైనా మంచిగనే పాడుతరు. నేను మాస్టర్‌ని చూడనీకి వచ్చిన."

జడ్సన్ ఫెబి మొహం బాగా కనిపించేలా జరిగి నిలబడ్డాడు.

"మీ పద్ధతి గురించి విన్న. వీళ్ళల్ల ఒక్కరికి ఇంటి స్వరం తప్పుమని చెప్త. ఎవరో మీరు పట్టాలె. సరేనా?"

"స... సరేనండి."

ముఖ్తార్ ఒక్కొక్కరి చెవిలో ఏదో గుసగుసలాడాడు. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని మెలికలు తిరిగిపోయారు. ఫెబి చెవిలో కూడా ఏదో చెప్పేసరికి జడ్సన్‌కి ప్రాణం పోయినంత పనైంది. తప్పమన్నది ఆ పిల్లనే అయితే?

"యల్లా, షురూ!"

ఆస్టిన్ పాడాడు. కనుబొమలు కదల్లేదు. పక్కనున్న పిల్ల పాడింది. కదల్లేదు. ఫెబి పాడింది. పాడుతూ కూడా అతన్నే చూసింది, నుదురు నున్నగానే ఉంది. తర్వాత తిరుమల వంతు వచ్చింది.

దవడ జివ్వుమని బిగుసుకుంది. వెంటనే ఫెబి కనుబొమలు దగ్గరికి వచ్చేశాయి.

"తిరుమలా," అన్నాడు జడ్సన్, ఎక్కడో దూరం నుంచి తన గొంతు తనకే వినిపిస్తుండగా, "ఇల్లు దాటిపోయావమ్మా."

హాలంతా కేక!

"ఈ అంకులే జర కిందికి దిగుమన్నడు! నా తప్పేం లేదు!" తిరుమల గంతులేసింది.

ముఖ్తార్ చేతిలో ఫోను వైపోసారి, జడ్సన్ వైపోసారి చూశాడు. "యా అల్లా! వెంట్రుకంత దిగుమన్న. గీ పిల్ల గంతే దిగింది. నా ఫోన్ల స్వరం కొలిచే మిషన్ గూడ సోంచాయించింది! ఏం చెవి సార్ మీది! స్టేజి మీదికి మీరే, పక్కా!"

ఇక పట్టపగ్గాల్లేవు. పిల్లలు సోఫాల మీదకెక్కారు. సౌభాగ్యమ్మ లడ్డూల డబ్బా మూత తీయబోయి డబ్బానే జారవిడిచింది. లడ్డూలు దొర్లాయి, వాటి వెంట పిల్లలూ దొర్లారు. ఎవరో జడ్సన్ చేతులు పట్టుకుని గిర్రున తిప్పారు. అతనికీ నవ్వు వచ్చేస్తోంది, ఆపుకోలేకపోతున్నాడు. ఆ నవ్వు అడుగున మాత్రం ఒక్కటే మాట: ఆ చెవి నాది కాదు.

ఫెబి గోడవార కూర్చుని లడ్డూ నములుతోంది, కళ్ళు ఇప్పుడూ అతని మీదే. అతను వెళ్ళి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అడగలేకపోయిన మాట ఇవాళ అడిగేశాడు.

"ఫెబీ, తప్పు ఎవరిదో నీకెలా తెలుస్తుందమ్మా?"

ఇదొక ప్రశ్నా అన్నట్టు చూసింది ఫెబి.

"మీ మొహం చూసి, అంకుల్."