పొయ్యిని కదిలించినవాడు

మగవాళ్ల గదిలో పరిచిన ఇసుకను చీపురుతో సాపు చేయబోయి మిర్తో ఆగిపోయింది.

ఇసుక మీద ఒకదాని చుట్టూ ఒకటిగా గుండ్రాలు. నట్టనడుమ ఒక ఆలివ్ గింజ. దూరంగా ఒక గీత మీద శనగగింజ.

"నికోన్! ఏమిట్రా ఇది?"

కొడుకు వాకిట్లోంచి తొంగిచూశాడు. "విశ్వమమ్మా. నడుమ ఉన్నది సూర్యుడు."

"మరి మనం?"

"ఈ బొమ్మ లెక్కన మనం ఆ శనగగింజ మీద ఉన్నాం. సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాం."

మిర్తో చేతిలోంచి చీపురు జారిపోయింది.

విశ్వానికి భూమే పొయ్యి. పొయ్యి ఇంటి నడుమ ఉంటుంది. అందులో పొయ్యి దేవత హెస్టియా తల్లి కదలకుండా కూర్చుంటుంది. ఆ దీవిలో పాలు తాగే బిడ్డకైనా తెలుసు.

"నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న నిన్నెత్తుకుని పొయ్యి చుట్టూ పరుగెత్తాడురా. పొయ్యి నీ చుట్టూ పరుగెత్తలేదు! ఆ ముసలాయన గీశాడా ఇదంతా?"

నికోన్ నవ్వి వాకిట్లోకి జారుకున్నాడు.

ముసలాయన పేరు యూమెలోస్. చలికాలానికి పడవలు నిలిచిపోయే ముందు, ఆఖరి పడవలో రోడ్స్ దీవి నుంచి వచ్చి దిగాడు. నికోన్ ఇల్లెక్కడని రేవులో అడుగుతూ వచ్చాడు. అప్పటినుంచీ ఇక్కడే తిండి, ఇక్కడే పడక.

ఇంటి ఆడది పరాయి మగవాడి ముందుకు వెళ్లకూడదు. మగ్గం గదిలో కూర్చున్న మిర్తోకు గోడ అవతలి మాటలు గొణుగుడులాగే వినిపించేవి. పెద్దవాడు చెబుతున్నాడు, చిన్నవాడు వింటున్నాడు అనుకుంది. ఇంకెలా ఉంటుంది?

ఆ సాయంత్రమే ఆమె అన్న లాంపోన్ పరుగున వచ్చాడు. చేపల బజారులో అతనికి తెలియకుండా ఈగ కూడా వాలదు.

"అమ్మాయ్, కొంప మునిగింది. మీ ఇంట్లో ఎవరో భూమి తిరుగుతోందన్నారట. కిటికీ కింద పోయేవాడెవడో విన్నాడు. సభ పెద్దలు మండిపడుతున్నారు."

"మండిపడితే?"

"హెస్టియా తల్లిని పీఠం మీంచి లాగినవాడికి ఏమిస్తారు? విషం గిన్నె. ఎవరన్నారో రేపు పొద్దున తేలుస్తారు."

మిర్తో కళ్ల ముందు కొడుకు నీలంగా మారిపోయాడు. పాడె లేచింది. తను జుట్టు కత్తిరించుకుంది. అంతా ఒక్క రెప్పపాటులో.

"ఆ ముసలాయనే అన్నాడు!"

"నువ్వు విన్నావా?"

"వినాలా? మావాడికి గడ్డమైనా నిండుగా రాలేదు. వాడికి విశ్వం సంగతేం తెలుసు? వెళ్లి చెప్పన్నయ్యా, ముసలాయనేనని."

"అతిథమ్మా ఆయన. అతిథికి అపకారం చేస్తే జియస్ దేవుడు ఊరుకోడు."

"జియస్‌కు బిడ్డలు బోలెడు. నాకు ఒక్కడే."

లాంపోన్ తల దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మగవాళ్లంతా సభకు వెళ్లారు. మిర్తో మగ్గం దగ్గర కూర్చుంది, లేచింది. తలుపు దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. నేసిన బట్టలో పోగులన్నీ తప్పాయి. వీధిలో కుక్క మొరిగినా కొడుకును లాక్కుపోతున్నారేమో అనిపించింది.

ఎట్టకేలకు లాంపోన్ వచ్చాడు.

"ఒప్పేసుకున్నాడు!"

"ఎవరు?"

"ముసలాయనేనమ్మా. 'ఆ మాట నీదేనా' అనగానే 'నాదే' అన్నాడు. ఒక్క క్షణం నికోన్ ముఖం చూశాడు, అంతే."

"మరి వాడు?"

"లేచి ఏదో అనబోయాడు. ముసలాయన భుజం పట్టి కూర్చోబెట్టేశాడు. 'వీడికి గుండ్రం గీయడమే చేతకాదు, వీడి మాట పట్టించుకోకండి' అన్నాడు. సభంతా పకపకా నవ్వింది."

"నవ్వనీ. నవ్వినవాళ్లు చంపరు." మిర్తో గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది. "విషం ఇచ్చారా?"

"నెరిసిన తల చూసి వదిలేశారు. ఈ పూటే దీవి విడిచి పోవాలన్నారు."

"కృత్తికలు కుంగిపోయి తుఫానుల కాలం వచ్చేసింది కదన్నయ్యా. ఇప్పుడు పడవెవడు తీస్తాడు?"

"ఎవడూ తీయడు. ఓ పాత పడవ ఇచ్చారు. తెడ్డు ఆయనే వేసుకోవాలి."

అన్న వెళ్లిపోయాడు. బయట గాలి తలుపులను బాదుతోంది. ఇలాంటి గాలిలోనే ఆమె భర్త వెళ్లాడు. ఒడ్డుకు అతని చెప్పు కూడా రాలేదు.

మిర్తో గబగబా బార్లీ రొట్టెలు, ఎండు అత్తిపండ్లు గుడ్డలో మూటగట్టింది. గడప దాటబోయింది. ఈ మూట ఎవరైనా చూస్తే? ఈ ఇంటికీ ఆయనకూ ఇంకా పొత్తుందనుకుంటే? మళ్లీ కొడుకు మీదికి వస్తే?

మూట విప్పేసి రొట్టెలు బుట్టలో పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా నికోన్ వచ్చాడు. నడుము దాకా తడిసి ఉన్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"పడవను నేనే తోశాను" అన్నాడు. "రేవు అడ్డుకట్ట రాళ్లు దాటేదాకా కనిపించింది. తర్వాత కనిపించలేదు."

మిర్తో వాడి ఒళ్లు తుడిచింది. బుగ్గలు నిమిరింది. వెచ్చగానే ఉన్నాయి. బతికే ఉన్నాడు.

"పోనీరా. నీ నెత్తిమీది పీడ వదిలింది. ఆయన చెప్పిన పాడు మాటలన్నీ ఇక మరిచిపో."

నికోన్ తల్లి చేయి పక్కకు తీశాడు.

"ఏ మాటలమ్మా?"

"అదే, భూమి తిరుగుతుందని..."

"ఆయన ఒక్కనాడూ ఆ మాట అనలేదు" అన్నాడు నికోన్. "అన్నది నేనమ్మా, అది తప్పని నాకు నచ్చజెప్పడానికే ఆయన సముద్రం దాటి వచ్చాడు."