ప్లగ్గులు మార్చిన మనిషి

"టై కట్టుకుని వచ్చావేంటయ్యా ప్లగ్గులు మార్చడానికి?"

గేటు దగ్గర నిలబడ్డ మనిషి తడబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనండీ... మీ అబ్బాయి..."

"ఆఁ, మా అబ్బాయి కారే. పొద్దున్నే మెకానిక్ వస్తాడన్నారు, ఇప్పుడా రావడం? మీ షాపులో గడియారం లేదా? రా, రా."

ముసలాయన యసుకిచి వెనక్కి తిరిగి షెడ్డు వైపు నడిచాడు. జపాన్‌లోని ఈ నగానో కొండల్లో పెద్దాయన మాటకి అడ్డు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఈ మనిషికి అసలే లేదు. అంతటి మొహమాటస్తుల్ని దేవుడు ఎందుకు పుట్టిస్తాడో! నోరు మూసుకుని ముసలాయన వెంట నడిచాడు.

ఆపిల్ తోట చివర షెడ్డు. అందులో యసుకిచి కొడుకు రెయిజి కారు. రెండు తలుపుల టర్బో కారు, వాడి కన్నా వయసులో పెద్దది. పెళ్లి మానేసి దాన్ని చూసుకుంటున్నాడని ఊళ్లో వెక్కిరించేవాళ్లు.

వానలు మొదలయ్యాక ఇంజను వణకడం మొదలుపెట్టింది. స్పార్క్ ప్లగ్గులు పోయాయన్నాడు రెయిజి. కొత్తవి కొని తెచ్చుకున్నాడు. ఆదివారం మారుస్తానని, ఈలోపు స్కూటర్ మీద పనికి వెళ్లాడు. కొండ మలుపులో స్కూటర్ జారింది.

అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది.

యసుకిచి పోలీసుల్ని ఒకటే అడిగాడు. ఆసుపత్రిలోనూ అదే అడిగాడు.

"చివర్లో మావాడు ఏమైనా అన్నాడా?"

ఎవరో దారినపోయేవాడు అంబులెన్సుకి ఫోన్ చేశాడట. పేరు చెప్పలేదట. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. ఏడవనూ లేదు. తింటే రుచి తెలియడం లేదు. స్నానానికి పెట్టిన నీళ్లు వేడో చల్లనో తెలియడం లేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేస్తున్నాడు. రేపు కారు కొనేవాడు వస్తాడు. అదొక్కటీ కళ్ల ముందు నుంచి పోతే చాలనుకున్నాడు. అందుకే పక్క ఊరి షాపుకి ఫోన్ చేసి మెకానిక్‌ని పంపమన్నాడు.

"అదిగో పెట్టె. పనిముట్లన్నీ అందులోనే ఉన్నాయి."

ఆ మనిషి టై చివర చొక్కాలో దోపుకుని స్పానర్ తీశాడు.

"అటు కాదయ్యా! అది బిగించడం. ఎవరు నేర్పారు నీకు పని?"

"క్షమించండి."

"ముందు ఆ గాలి పైపు విప్పు. విప్పిన చోట గుడ్డ కుక్కు. చిన్న నట్టు లోపల పడినా, గాలి తోసే ఆ టర్బో చక్రం పని అయిపోయినట్టే. మావాడు గుడ్డ పెట్టాకే ఊపిరి పీల్చేవాడు."

యసుకిచి ఎప్పుడూ స్పానర్ పట్టలేదు. రెయిజి పని చేస్తుంటే ఏళ్ల తరబడి పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాడు. ఇవాళా అదే పట్టుకున్నాడు.

ముందరి ప్లగ్గులు మసి పట్టి ఉన్నా తేలిగ్గానే వచ్చాయి. ఆఖరిది కారు ముందద్దం కింద మూలకి నక్కి ఉంది. అక్కడికి చెయ్యి దూరదు. ఆ మనిషి దూర్చాడు. వేళ్ల కణుపులు గీసుకుపోయి నెత్తురొచ్చింది.

"నెమ్మది. కొత్తదాన్ని ముందు చేత్తోనే తిప్పు. స్పానర్‌తో మొదలుపెడితే మరలు చెడతాయి."

"అలాగేనండీ."

కొత్త ప్లగ్గు తిప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"అయ్యా, మీ అబ్బాయి గురించి ఒక్క మాట..."

టార్చి వెలుగు కదిలింది.

"వాడి మాట ఎత్తకు. పనికొచ్చావు, పని చెయ్యి. వచ్చిన ప్రతివాడి దగ్గరా ఒక మాట ఉంటుంది. విని విని నా చెవులు చచ్చిపోయాయి."

ఆ మనిషి మళ్లీ చెయ్యి లోపలికి దూర్చాడు.

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. యసుకిచి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. వణుకు లేదు.

సంతోషం వేయాలి. కనీసం ఏడుపైనా రావాలి. ఆయనకి ఏదీ రాలేదు. తాళం తిప్పి ఆపేశాడు.

"మీ షాపువాళ్లకి నేను చెబుతాలే. ఇక వెళ్లు."

"లోపలికొచ్చి, మీ అబ్బాయి ఫొటో ముందు ఒక్క అగరుబత్తి వెలిగించి వెళ్లొచ్చా అండీ?"

"ఆ మసి చేతులతోనా? మెకానిక్‌కి ఇంట్లో పనేంటి? వెళ్లవయ్యా."

ఆ మనిషి నడుం బాగా వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత టోపీ పెట్టుకుని తోట దారిలో దిగి వెళ్లాడు. యసుకిచి ఆయన పేరు కూడా అడగలేదు.

కాసేపటికి దెబ్బతిన్న బండ్లని లాక్కెళ్లే లారీ ఒకటి గేటు ముందు ఆగింది. నూనె మరకల బట్టలతో ఒకడు దిగాడు.

"తాతా, తిట్టకండి. పొద్దున్నే ఎవరిదో కారు కాలవలో పడితే తీయడానికి వెళ్లా. ఏవీ ప్లగ్గులు?"

"అవి మార్చడం అయిపోయిందిగా. మీ షాపు మనిషే వచ్చి వెళ్లాడు."

"మా షాపులో ఉన్నది నేనొక్కణ్ణే తాతా."

"మరి టై కట్టుకుని వచ్చినతను?"

మెకానిక్ మొహంలో నవ్వు పోయింది.

"చేతికి రుమాలు చుట్టుకుని ఒకాయన బస్సెక్కుతూ కనిపించాడు, ఆయనేనా? ఎక్కడో చూశానే అనుకుంటూ వచ్చా."

"ఎక్కడ చూశావు?"

"ఆ రోజు మీవాడి స్కూటర్ ఎత్తడానికి వెళ్లింది నేనే. అంబులెన్సు వెళ్లిపోయినా ఆయన వానలో రోడ్డు మీదే కూర్చుని ఉన్నాడు. 'మీ నాన్నకి చెబుతాను, తప్పకుండా చెబుతాను' అని తనలో తనే అనుకుంటున్నాడు. పోలీసులొచ్చేలోపు లేచి వెళ్లిపోయాడు."

"ఏం చెబుతానన్నాడు?"

"నాకెలా తెలుస్తుంది తాతా? మీవాడి ఆఖరి మాట విన్నది ఆయనొక్కడే."