స్లాబు వేసే ముందు

కాంక్రీటు లారీలు గేటు లోపలికి వచ్చేశాయి. షెకీనా మాత్రం పని మొదలుపెట్టనివ్వలేదు.

అనకాపల్లి బైపాస్ పక్కన లేస్తున్న ఆఫీసు భవనానికి ఆమె సేఫ్టీ ఆఫీసరు. వచ్చి నెల కూడా కాలేదు. ఈలోపే కాంట్రాక్టరు వరప్రసాదరావుకి చుక్కలు చూపించింది. అంచున రెయిలింగు లేదని పని ఆపించింది. పీలికలు లేచిన పాత సేఫ్టీ బెల్టుల్ని అందరి ఎదుటా కోయించి పారేయించింది. హెల్మెట్ పెట్టుకోలేదని అతణ్ణే గేటు బయట ఎండలో నిలబెట్టింది. అతను చెమట తుడుచుకుంటుంటే నీడలో నిలబడి కళ్లారా చూసింది.

అతను ఒక్కసారీ ఎదురు తిరగలేదు. మొదటిరోజు మాత్రం, "నువ్విక్కడికెందుకొచ్చేవు?" అన్నాడు. మేడంగారిని 'నువ్వు' అంటే బాగోదని మేస్త్రీ నానాజీ అతని చెవిలో చెప్పాడు. ఆ మర్నాటి నుంచీ వరప్రసాదరావు ఆమెకి టీ పంపడం మొదలుపెట్టాడు. అల్లం దంచి వేసి, పంచదార తక్కువగా. కాకా పడుతున్నాడని కూలీలు నవ్వుకున్నారు. షెకీనా రోజూ ఆ టీ ఇసకలో పారబోసేది, అతను చూస్తుండగానే.

ఎందుకు వచ్చిందో ఆమెకి తెలుసు. ఈ సైటుకే వేయమని పై ఆఫీసులో అడిగి మరీ వచ్చింది.

రెండేళ్ల కిందట నక్కపల్లిలో ఇదే వరప్రసాదరావు గోడౌను కడుతుండగా ఆమె అన్న స్టీవెన్ పైకప్పు మీంచి పడి చనిపోయాడు. నడుముకి బెల్టు లేదు. తాగి ఎక్కాడని వరప్రసాదరావు పోలీసులకి చెప్పాడు. శవం చుట్టూ మూగినవాళ్లకీ అదే చెప్పాడు. ఆ మాట అన్నది అతను కాబట్టి ఊరు ఇంకేమీ అడగలేదు. కేసు అక్కడితో ముగిసింది.

స్టీవెన్‌కి మందు వాసనే పడదు. అతని తల్లి లూర్దు మేరీ ఆ తర్వాత చర్చికి వెళ్లడం మానేసింది. తాగి చచ్చినవాడి తల్లి అని వెనక బెంచీల్లో గుసగుసలు. తల్లీ కూతుళ్లు నక్కపల్లి వదిలి అనకాపల్లిలో అద్దె ఇంట్లోకి మారారు. ఎంత ఓదార్చినా లూర్దు మేరీది ఒకటే మాట.

"నా కొడుకు తాగలేదని ఆ మనిషి నోటితోనే రావాల. నలుగురిలో రావాల."

ఆ మాట కోసమే షెకీనా సేఫ్టీ కోర్సు చదివింది. ఆ ఉద్యోగంలోనే చేరింది.

ఈ నెలలో కంపెనీ కొత్త నిబంధనలు పంపింది. అందులో ఒకటి, ఎత్తు మీద పని మొదలుపెట్టే ముందు కాంట్రాక్టరు తన పాత సైటులో జరిగిన ప్రమాదం గురించి కూలీలకి స్వయంగా చెప్పాలని. ఎలా జరిగిందో, తప్పెవరిదో కూడా చెప్పాలి. అది చదివిన రోజు షెకీనా చాలాకాలానికి కడుపునిండా అన్నం తింది. స్లాబు వేసే రోజు దాకా ఓపిక పట్టింది.

ఇప్పుడు కూలీలందర్నీ పోగుచేసి, నక్కపల్లి సంగతి చెప్పమని వరప్రసాదరావుని అడిగింది. అతని మొహం మాడిపోయింది. వేరే ప్రమాదం చెప్తానన్నాడు. పోనీ నానాజీ చెప్తాడన్నాడు. ఆమె కుదరదంది. లారీ డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. డ్రమ్ముల్లో కాంక్రీటు తిరుగుతోంది. ఎండ ముదిరితే అది బిగుసుకుపోతుంది, అంతా పారబోసుకోవాలి. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

చివరికి అతను గొంతు సవరించుకున్నాడు. ఒక కుర్రాడు రేకులు బిగిస్తూ పడిపోయాడని చెప్పాడు. తాగి ఎక్కాడని, నేల చూస్తూ చెప్పాడు.

"మళ్లీ చెప్పండి," అంది షెకీనా.

అదే చెప్పాడు. గొంతు ఇంకా తగ్గింది.

"వెనకవాళ్లకి వినపడలేదు."

దేవరాపల్లి నుంచి పనికి వచ్చే కాసులమ్మకి జాలేసింది. పెద్దాయన ఎండకి తూలుతున్నాడు, వదిలేయమని అడిగింది. షెకీనా చూపు తిప్పలేదు. తూలితే తూలనీ, పడితే పడనీ అనుకుంది. స్టీవెన్ పడలేదా.

"ఆ కుర్రాడికి పేరుంది. పేరు పెట్టి చెప్పండి."

వరప్రసాదరావు తలెత్తాడు. ఆమె కళ్లలోకి చూశాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"స్టీవెన్," అన్నాడు. "తాగలేదు. ఆడు మందు ముట్టడు. బెల్టు ఇమ్మని అడిగేడు. బెల్టులు కట్టుకుంటే పని సాగదు, ఎక్కరా అన్నాను. నేనే అన్నాను. కేసవుతాదని బయపడి, సచ్చిపోయినోడి మీద అబద్దం సెప్పేను."

జాలిపడిన కాసులమ్మ కూడా అతని పక్కనుంచి దూరంగా జరిగింది.

షెకీనా ఇంకా చాలా అడగాలనుకుంది. ఒక్కటీ గుర్తుకు రాలేదు. పని మొదలుపెట్టుకోమని నానాజీకి చేయి ఊపింది. కూలీలు బెల్టులు బిగించుకుని ఒక్కొక్కరే మెట్లెక్కారు. పోతూ పోతూ ఎవరూ వరప్రసాదరావు మొహం చూడలేదు. అతను ఇసక గుట్ట మీద కూలబడ్డాడు.

ఆమె సిమెంటు బస్తాల చాటుకి వెళ్లి లూర్దు మేరీకి ఫోను చేసింది. అవతల ఫోను ఎత్తారు.

"నాన్న ఒప్పుకున్నాడమ్మా."