తొంభై మీటర్లు

"ఈ ఒక్క గీతనీ చూసీ చూడనట్టు వదిలేస్తే ఏం పోతుందమ్మా?" అన్నాడు మేనేజరు, ఆమె కుర్చీ వెనక నిలబడి.

"ఈసారికి ఏం పోలేదు సార్. వచ్చేసారి రెండొందల మంది పోతారు" అంది భూతద్దం, తెరమీంచి చూపు తిప్పకుండా.

విమాన సంస్థ భద్రతా విభాగంలో ఆమె ఉద్యోగం. దిగిన ప్రతి విమానం రికార్డూ తెరిచి, ఎలా దిగిందో చూడటం పని. ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ భూతద్దమే.

తెరమీద ఉన్న గీత మొన్నటి వానలో దిగిన విమానం వేగానిది. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం కుదురుకోవాలి. కుదరకపోతే మళ్లీ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి రావాలి. అది రూలు. ఈ కెప్టెన్ లేవలేదు. అంత వేగంతోనూ దింపేశాడు. తడి రన్‌వే మీద జారుకుంటూ పోయిన విమానం, చివర తొంభై మీటర్లు మిగిలుండగా ఆగింది.

"ఆగిందిగా మరి!"

"బ్రేకుల పుణ్యం సార్, మనది కాదు."

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. ఒక్క మచ్చ లేదు. వచ్చేవారం సన్మానం. నువ్వు ఇది పంపావంటే శాలువా పోయి, కొత్తవాళ్ల పక్కన శిక్షణకి కూర్చోబెడతారు. ఆయనెవరో తెలిసే రాస్తున్నావా?"

"తెలిసే."

"పోనీ, ఫైలు ఇంకెవరికైనా ఇచ్చెయ్. నీకెందుకీ తలనొప్పి?"

"ఎవరికిచ్చినా గీత వంకర పోదుగా సార్."

రిపోర్టు పంపే బటన్ మీదికి మౌస్ జరిపింది. నొక్కేసింది.

మూడోరోజు ఆ కెప్టెన్ యూనిఫాంలోనే నేరుగా ఆఫీసులోకి వచ్చాడు. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేనేజరు లేచి నిలబడ్డాడు.

"నా రిపోర్టు రాసిందెవరు?"

ఆమె కూడా లేచింది. "నేనే, కెప్టెన్."

"చూపించండి."

చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, గీత వెంట వేలు జరుపుకుంటూ పోయి, చివర ఆగాడు.

"ఇంత తక్కువ మిగిలిందా?"

"తొంభై మీటర్లు. మళ్లీ ఎందుకు లేవలేదు మీరు?"

మేనేజరు గట్టిగా దగ్గాడు. ఆమె వినిపించుకోలేదు.

"అంత కిందికొచ్చాక లేవడం నామోషీ అనిపించింది. పక్కన కొత్త కో-పైలట్. అతని ముందు..."

ఆ మాట అక్కడే వదిలేసి, శిక్షణ కాగితం అడిగి తీసుకుని, నిలబడే సంతకం పెట్టాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు.

"ఇలాంటివాళ్లు నలుగురుంటే చాలండీ. నేను వెనక సీట్లో ప్యాసింజరుగా హాయిగా నిద్రపోతాను."

శాలువా పోయిన మనిషి గొంతులా లేదది. ఛాతీ అంగుళం పెరిగినట్టు కూడా ఉంది. టోపీ సర్దుకుని, తలుపు దాకా వెళ్లి, ఆమెకేసి చూశాడు.

"మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి."